పేకాట హాల్లో చంద్రమండలం

మొన్న విజయవాడలో మనవరాలికి ఏదైనా కొందామని పుస్తకాల షాపుకి వెళ్ళి సైన్స్ ఫిక్షన్ అర ముందు నిలబడ్డాను. పేర్లన్నీ పొడుగాటి వాక్యాల్లా ఉన్నాయి. మా రోజుల్లో అంత ఓపిక ఉండేది కాదు. ఒక ఏడాది అట్టలన్నిటి మీదా గ్రహాలే, మరుసటి ఏడు రోబోలు, ఆ తర్వాత మిస్టరీ అన్న మాట లేకపోతే అది నవలే కాదు. ఆ గ్రహాల కాలంలోనే మా మేనత్త ఒక నవల రాసింది.

ఎనభైల్లో నూజివీడు బస్టాండు దగ్గర అత్తకొక లాడ్జి ఉండేది. మామయ్య పోయాక తనే నడిపేది. కట్టిన కొత్తలో గొప్పదేనట. నేను డిగ్రీ పరీక్షలు రాసి అక్కడికి చేరేనాటికి బోర్డు మీద రెండక్షరాలు రాలిపోయాయి. పై అంతస్తు కుళాయిలు తిప్పితే నీళ్ళకంటే ముందు చప్పుడొచ్చేది. కింద హాల్లో రమ్మీ ఆడడానికి ఒకప్పుడు జిల్లా నలుమూలల నుంచీ వచ్చేవారట. ఎదురుగా టీవీలున్న కొత్త లాడ్జి లేచాక మూడు టేబుళ్ళే మిగిలాయి, వాటి చుట్టూ ఏటా వేసవికి దిగే మామిడి వ్యాపారులు. హాలంతా చుట్ట వాసన, దాన్ని దాటుకుని గడ్డిలో మగ్గుతున్న రసాల వాసన.

అత్త ఆ హాల్లోనే కౌంటర్ వెనక కూర్చుని రాసేది. నేను ఫెయిర్ కాపీ చేసి, తప్పులు చూడడానికి పైకి చదివేదాన్ని. 'చంద్రుడి మీద అంటు మామిడి' అని పేరు. చంద్రుడి మీద అద్దాల ఇంట్లో ఒకావిడ మామిడి మొక్కని బతికించుకునే కథ.

పబ్లిషరుకి పంపితే నెల తిరక్కుండానే ఉత్తరం రాశాడు. నవల బాగుందట, పేరు మాత్రం 'నెత్తుటి గ్రహం' అని మార్చాలట. అత్త ఉత్తరాన్ని రెండుసార్లు పైకి చదివింది.

"ఇందులో నెత్తురెక్కడుందే? చంద్రుడు గ్రహం కూడా కాదు."

దగ్గరి టేబులు మీద ఆడుతున్న విస్సన్నపేట పెద్దాయన ముక్కలు బోర్లా పెట్టాడు. ఆయనకి చదువు రాదు. "పెట్టె మీద బంగినపల్లి అని రాసి లోపల చవక కలెక్టరు కాయ పెడితే ఒక్కసారే కొంటారమ్మా. రెండోసారి నీ మొహం చూడరు," అన్నాడు.

అత్త ఒప్పుకోనని రాసింది. వారానికల్లా రాతప్రతి తిరిగొచ్చింది. మూడు రోజులు అత్త కౌంటర్ దగ్గరికి రాలేదు. గదిలోకి అన్నం పట్టుకెళితే గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. నాలుగో రోజు పెద్దాయన నన్ను పిలిచాడు.

"కథ సగమే విన్నాం. మిగతాది చదువమ్మాయ్."

మధ్యాహ్నం భోజనాలయ్యాక చదివాను. మర్నాడు మిగతా టేబుళ్ళవాళ్ళూ కుర్చీలు ఇటు లాక్కున్నారు. మొక్క పూతకొచ్చి, పిందె వేసే చోట పెద్దాయన చెయ్యెత్తాడు.

"పూత మీద ఈగలు వాలకుండా పిందె ఎట్టా పడుద్ది?"

వెనక్కి తిరిగితే అత్త గుమ్మంలో ఉంది. జుట్టు కూడా దువ్వుకోలేదు. "నిజమే బాబాయ్ గారూ, ఆ సంగతి నాకు తట్టలేదు," అంది. ఆ గొంతులో నొచ్చుకోవడం లేదు. తన కథని నిజమని నమ్మి ఒకరు అడిగిన మొదటి ప్రశ్న అది. ఆ సాయంత్రమే కౌంటర్ దగ్గర కూర్చుని ఆ అధ్యాయం మళ్ళీ రాసింది. ఈసారి కథలో ఆవిడ మెత్తటి కుంచెతో పువ్వు పువ్వుకీ పుప్పొడి అద్దుతుంది. అది విని పెద్దాయన "ఇప్పుడు పడుద్ది," అన్నాడు. అత్త అంత హాయిగా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు.

నవల అచ్చు కాలేదు. నాలుగేళ్ళకి లాడ్జి అమ్మేశారు. నేను తెలుగు టీచర్నై పిల్లలకి పాఠాలు చదివి వినిపిస్తూ రిటైరయ్యాను. నలుగురి ముందు గొంతెత్తి చదవడం నాకు నేర్పింది ఆ పేకాట హాలే. అక్కడ చదివింది పదకొండు మధ్యాహ్నాలే అయినా, ఆ తర్వాత గడిచిన ఏ సంవత్సరమూ నాకు వాటంత పెద్దదిగా కనిపించదు.