పెండ్లి అద్దం, చావు అద్దం

లాల్ అహమ్మద్ కెమెరాకు రెండు అద్దాలుండేవి. బెళుగుప్ప బస్టాండు ఎదురుగా ఉన్న అతని స్టూడియోకు వచ్చేవాళ్లు వాటిని పెండ్లి అద్దం, చావు అద్దం అనేవాళ్లు. ఫిల్టరు అనే మాట ఊళ్లో అతనొక్కడికే తెలుసు. వాడి వాడి అతనూ అద్దం అనడానికే అలవాటుపడ్డాడు.

మొదట ఉన్నది ఒక్కటే. తొంభై ఆరులో కెమెరా కొన్నప్పుడు, లెన్సు ముందు బిగించుకోమని బళ్ళారి దుకాణమాయన ఒక పల్చటి గాజుబిళ్ళ ఇచ్చాడు. అనంతపురంలో ప్రింట్లు వేసే కలర్ ల్యాబు తిప్పేస్వామి దాన్ని చూసి నవ్వాడు. "అంత పెట్టి లెన్సు కొని దాని ముందర కిటికీ అద్దం పెడతావేమప్పా? వెలుతురంతా అదే తినేస్తాది" అన్నాడు. లాల్ అహమ్మద్ వాదించలేదు. తిప్పేస్వామి ఏసీ గదిలో కూర్చుని చెప్పే మాట అది. వేరుశనగ కాయలు తూర్పారబట్టే రోజుల్లో మోపెడ్ మీద నాలుగు పల్లెలు తిరిగొస్తే, ఆ బిళ్ళ మీద వేలితో పేరు రాయొచ్చు. బిళ్ళ గీతలు పడితే పారేసి ఇంకోటి కొనుక్కోవచ్చు. లెన్సు గీతలు పడితే దుకాణం మూసుకోవాల్సిందే.

ఆ పల్లెల్లో మనిషి పోతే ఎత్తేలోగా ఫోటో తీయించాలి. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తల వాలకుండా గుడ్డ కట్టి, దండ వేసి తీయిస్తారు. బతికినన్నాళ్లూ ఫోటో దిగాలని ఎవరికీ తోచదు మరి. ఆ పనికి పిలిస్తే లాల్ అహమ్మద్ కాదనేవాడు కాదు. ఒకసారి పెండ్లిపందిట్లో పెండ్లికూతురి మేనమామ ఎర్రప్ప అతనికి అడ్డం నిలబడ్డాడు.

"ఏమప్పా, మొన్న మా వీధిలో పీనుగను తీసిన కెమెరా ఇదే కదా? ఆ కంటితోనే మా పాపను చూస్తావా?"

లాల్ అహమ్మద్ బిళ్ళను తిప్పి ఊడదీసి అతని చేతిలో పెట్టాడు. "పీనుగను చూసింది ఈ అద్దమన్నా. కెమెరా కన్ను దీని ఎనకాల ఉన్నింది. దానికి ఏమీ తెలీదు."

అప్పటికప్పుడు నోటికొచ్చిన మాట అది. ఎర్రప్ప మాత్రం అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దారి ఇచ్చాడు. మరుసటి వారమే లాల్ అహమ్మద్ ఇంకో అద్దం తెచ్చుకున్నాడు. ఒకటి చావులకు, సున్నపు డబ్బాలో. ఒకటి పెండ్లిళ్లకు, ఎప్పుడూ కెమెరాకే. బేరం పోకూడదని మొదలుపెట్టిన పనే అయినా, ఏళ్లు గడిచేసరికి దాన్ని తనూ కొంచెం నమ్మసాగాడు. భార్య షాజాదీ నమ్మలేదు. "గాజుకు చావేంది, పెండ్లేంది" అనేది, ఫోటోల అంచులు కత్తిరిస్తూ.

రెండువేల రెండులో, ఎండలు ముదిరినప్పుడు, ఓబులమ్మ బస్సు దిగి నేరుగా స్టూడియోలోకి వచ్చింది. ఆమె మొగుడు పుల్లన్న పోయి ఏడాది దాటింది. ఆయన్ను తీసింది లాల్ అహమ్మదే.

"ఏమవ్వా, ఇంత ఎండలో వచ్చినావు?"

"ఫోటో దిగల్ల."

"పింఛనుకా?"

"నాకెవరిస్తారప్పా పింఛను. మీ తాత ఫోటో, నా ఫోటో ఒకే పటంలో అతికిస్తారంట కదా. దానికి."

"అతికిస్తారు. కూచో."

ఆమె కూర్చోలేదు. "చావు అద్దం పెట్టు."

"బతికున్నోళ్లకు అది పెట్టనవ్వా."

"నాకు పెట్టు. ఆ పొద్దు నేను ఆయప్పను సరిగా చూసుకోలేదబ్బీ. ఏడ్చి ఏడ్చి కండ్లు కనపడలే. కడసారి బాగా చూసింది ఆ అద్దమే. నన్నూ దాంట్లోనే పట్టు. ఇద్దరమూ ఒక చోట ఉన్నట్టుంటాది."

సున్నపు డబ్బా చేతికందే దూరంలోనే ఉంది. కానీ అందులో ఉన్న అద్దం పుల్లన్నను చూడలేదు. పుల్లన్న పోవడానికి ముందురోజే పాత చావు అద్దం బండరాయి మీద పడి పగిలింది. బళ్ళారి పోయి తెచ్చేంత వ్యవధి లేదు. అద్దమే లేకుండా తీద్దామా అంటే, కెమెరా కన్ను నేరుగా శవాన్ని చూస్తుంది. తను అల్లిన మాటే తనను భయపెట్టింది. పెండ్లి అద్దంతోనే తీసేసి, ఇంటికొచ్చి సబ్బునీళ్లతో కడిగి, దాంతోనే మళ్ళీ పెండ్లిళ్లకు పోయాడు. మొదట పోయింది ఓబులమ్మ మనవరాలు రేఖ పెండ్లికి. చావు జరిగిన ఇంట్లో ఏడాదిలోపే శుభకార్యం కావాలని రెండో నెలలోనే చేశారు. డబ్బాలోని కొత్త అద్దం ఆ తర్వాతెప్పుడో వచ్చింది.

ఆ కొత్త అద్దం పెట్టి తీస్తే ముసలామెకు తెలిసేది కాదు. నిజం చెబితే పొద్దుగూకేలోగా ఆమె ఊరంతా తెలుస్తుంది. ఈ ఎండాకాలం ఒప్పుకున్న పెండ్లిళ్లలో ఒక్కటీ మిగలదు. ఇక ఏ పందిట్లోకీ రానివ్వరు. లోపల షాజాదీ కత్తెర చప్పుడు ఆగిపోయింది.

లాల్ అహమ్మద్ డబ్బా తెరిచి అద్దం బయటికి తీశాడు.

"ఇట్లియ్యి, ఒకసారి" అంది ఓబులమ్మ. రెండు చేతులా తీసుకుని కళ్లకు అద్దుకుంది. కాసేపు అట్లే పెట్టుకుంది.

అతనికి చూడబుద్ధి కాలేదు. "అవ్వా, ఆడ పెట్టు. అది కాదు."

"ఏది కాదు?"

"తాతను చూసింది అది కాదు. కెమెరాకు బిగించుండాదే, ఇది. పెండ్లి అద్దం. ఆ పొద్దు రెండోది పగిలిపోయుండె. రేఖ పెండ్లి తీసింది కూడా దీంతోనే. తప్పు చేసినా."

ఓబులమ్మ చేతిలోని అద్దాన్ని బల్ల మీద పెట్టింది. కెమెరా వైపు చూసింది.

"తాళి కట్టేటప్పుడు కూడా ఇదే ఉన్నిందా?"

"ఇదే."

"అప్పగింతలప్పుడు?"

"అప్పుడూ ఇదే. ... రేఖ బాగుందా అవ్వా?"

"దానికేమి, ఐదో నెల." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రెండు నెలలు ఆగుంటే మనవరాలి పెండ్లి చూస్తుండెనే అని ఏడాది నుంచి కుమిలిపోతాండా. దొంగ సచ్చినోడా, ఆయప్పను పిలుచుకోనొచ్చి అంతా చూపించి, నాకొక మాట చెప్పల్లేదే నువ్వు."

షాజాదీ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఓబులమ్మ సగం తాగి, ఆమెతో అంది: "నీ మొగుడికి నోట్లో మాట నిలవదమ్మే. ఇంకెవురితోనూ ఇట్లా చెప్పనీయాకు. అందరూ నా మాదిరి ఉండరు."

"నేను చూసుకుంటాలేవ్వా" అంది షాజాదీ.

ఓబులమ్మ బెంచీ మీద కూర్చుని చీర సర్దుకుంది. "మీ తాత పటంలో యా పక్కనుంటాడు?"

"నీ ఎడమ పక్కన."

ఆమె కుడివైపుకు కొంచెం జరిగింది. లాల్ అహమ్మద్ అలవాటుగా జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి కెమెరా అద్దం మీదికి పోనిచ్చాడు.

"తుడవాకు" అంది ఓబులమ్మ.

"దుమ్ము పడిందవ్వా."

"పడనీ. ఆయప్ప పోతాడు."

ఈ ఏడాదిలో ఆ అద్దాన్ని తను ఎన్ని వందలసార్లు తుడిచాడో లాల్ అహమ్మద్‌కు గుర్తులేదు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. ఇవాళ్టికి చెప్పిన నిజం చాలనుకుని, గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.