నీళ్లతో నడిచిన మావయ్య కారు

మా మావయ్య రిటైరైన షిప్ మెకానిక్. నీళ్లలోంచి హైడ్రోజన్ తీసే సీసా ఒకటి సొంతంగా తయారుచేసి, పాత కారుకు బిగించాడు. ఈ రోజు తుష్నాబాద్ నుంచి జంగ్లీఘాట్ దాకా అందులోనే వచ్చాం. పెట్రోల్ మీటరు ముల్లు కదిలితే ఒట్టు. ఫిజిక్స్ పాఠాలు చెప్పే నాకు మతిపోయింది.

వెనక సీట్లోంచి అత్తయ్య, "ఆ మీటరు రెండేళ్ల నుంచీ ఖరాబే కదా!" అంది.

"మరి మనం నీళ్లతో వచ్చామా, పెట్రోల్‌తోనా మావయ్యా?" అనడిగాను.

"అదే నాకూ సమఝ్ అవట్లేదురా. నువ్వు మాస్టారివి గదా, సోమవారం మీ బడికి బండి తెస్తాను, మీ పిల్లల ముందే తేల్చీ."

ఆ ముఖం చూసి సరే అనేశాను. ఒట్టి నీళ్లతో కారు నడవదని నాకు తెలుసు. పిల్లల ముందు, ఆయన పక్కనే నిలబడి ఆ మాట ఎలా అనాలో తెలియడం లేదు. మీరైతే ఏమంటారు?