పెద్దబండ మీద తాంబాళం

కెలవరపల్లి డ్యాం వెనక నీళ్ల మీద డిసెంబరు మంచు దిగితే, గుండ్రటి పుట్టి పడవ నడిపేవాడికి తన తెడ్డు కొస కూడా కనిపించదు. అందుకే రేవులో ఒకరు నిలబడి ఇత్తడి తాంబాళం కొడతారు. ఆ చప్పుడు వైపే పుట్టి వస్తుంది. చౌడమ్మ పని అదే. మొగుడు ఆంజప్ప పోయాక అతని వంతుగా ఆ పనిని అడిగి మరీ తీసుకుంది.

ఆంజప్ప, సుబ్రమణి ఇద్దరూ కలిసి ఆ పుట్టి నడిపేవాళ్లు. అవతలి ఊళ్ల చామంతి గంపలు ఇవతలికి చేర్చేవాళ్లు. ఒకరు తెడ్డు పడితే ఒకరు తాంబాళం. 1996లో ఒక మంచు పొద్దున తాంబాళం వంతు సుబ్రమణిది. రేవుకు కాస్త దూరంలో నీటిలోకి చొచ్చుకొచ్చిన పెద్దబండ ఉంది. పూల వ్యాను దాని పక్కనే ఆగింది. అప్పటికే వచ్చిన గంపలు వ్యానుకెత్తుతూ, రేవుదాకా నడవడానికి బద్ధకించి, అతను బండ మీది నుంచే తాంబాళం కొట్టాడు. చప్పుడును నమ్మి వచ్చిన ఆంజప్ప పుట్టి నీటి కింది రాళ్లకు తగిలి తిరగబడింది.

రేవులో కొడితే చప్పుడు ఒక్కటే. బండ మీద కొడితే వెనక గుట్టకు తగిలి రెండుగా వినిపిస్తుంది. ఆ పొద్దున ఇంట్లో రాగి సంగటి కెలుకుతున్న చౌడమ్మ రెండు చప్పుళ్లు విన్నది. ఆంజప్ప కూడా వినే ఉంటాడు. కానీ మంచులో తాంబాళాన్నే నమ్మకపోతే ఇంక దేన్ని నమ్మాలి?

"నేను రేవులోనే కొట్టినాను" అన్నాడు సుబ్రమణి. ఊరు అతని మాటే నమ్మింది.

అప్పటి నుంచి తెడ్డు అతనిది, తాంబాళం ఆమెది. "మొగుణ్ణి చంపినోనికి దోవ చూపిస్తావేమమ్మా?" అని పూలమ్మే ఆడవాళ్లు దెప్పేవారు. "నిజం చెప్పేదాకా వాడు బతకాల" అనేది చౌడమ్మ.

2003లో ఒక పొద్దున రేవులో చలిమంట దగ్గర పూలమ్మే మారియమ్మ, "మంచు శానా ఉంది, పైలం అన్నా" అంది.

సుబ్రమణి నవ్వాడు. "తాంబాళం యాడ కొడితే ఏమమ్మా, సద్దు సద్దే. ఆంజప్పకు చెవుడు. దానికి నేనేం చేసేది?"

పుట్టి మంచులో కలిసిపోయాక చౌడమ్మ తాంబాళం తీసుకుని పెద్దబండ ఎక్కింది.

అవతలి గట్టున ఆ పుట్టి ఎక్కింది నేను. జ్వరంతో ఉన్న నా ఎనిమిది నెలల భువనను పుట్టింటి నుంచి మత్తిగిరి డాక్టరు దగ్గరికి తీసుకుపోతున్నాను. నీళ్ల మధ్యకు వచ్చేసరికి తాంబాళం వినిపించింది. ఒక దెబ్బ, వెంటనే దాని ప్రతిధ్వని. సుబ్రమణి తెడ్డు ఆగిపోయింది.

"చౌడమ్మా! ఆడ కొట్టొద్దు! రేవుకు పో!"

మళ్లీ రెండు చప్పుళ్లు. నీటి లాగుడుకు పుట్టి గిరగిరా తిరుగుతూ అటే జారుతోంది.

"బండ మీద కొడితే సస్తామమ్మా!"

"నీకెట్ల తెలుసప్పా?" మంచులోంచి ఆమె గొంతు. "సద్దు సద్దే కదా?"

పుట్టి అడుగున రాయి గీసుకుంది. నేను బిడ్డను రొమ్ముకు అదుముకున్నాను.

"ఆ దినం నేను ఆడనే కొట్టినాను!" సుబ్రమణి గొంతు చీలింది. "ఆంజప్పను నేనే చంపుకొన్నాను తల్లీ!"

భువన గుక్కపట్టి ఏడ్చింది. తాంబాళం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఇంకా భయంగా ఉంది. కాసేపటికి ఎడమ పక్క నుంచి వినిపించింది. ఈసారి ఒక్కటే చప్పుడు. సుబ్రమణి అటే తెడ్డు వేశాడు.

రేవులో ఆడవాళ్లంతా లేచి నిలబడి ఉన్నారు. అందరూ విన్నారు. మారియమ్మ తన గంపలను సుబ్రమణికి దూరంగా జరుపుకుంది.

చౌడమ్మ వచ్చి భువన నుదురు ముట్టుకుంది. "బిడ్డ ఏడవకపోయుంటే?" అని అడిగాను.

"పుట్టిలో వాడొక్కడే అనుకున్నానమ్మా" అంది.

తర్వాత తాంబాళం తీసుకెళ్లి సుబ్రమణి చేతుల్లో పెట్టింది.

"రేపట్నుంచి తెడ్డు నాది. నువ్వు కొట్టు. యాడ నిలబడి కొడతావో అందరూ చూస్తారు."

ఆ చలికాలమంతా చౌడమ్మే పుట్టి నడిపింది. మంచు దిగిన ప్రతి పొద్దునా సుబ్రమణి రేవులో నిలబడి తాంబాళం కొట్టాడు. ఆడవాళ్లు చలిమంట చుట్టూ కూర్చుని, అతని పాదాల వైపే చూసేవారు.