రాహేలమ్మక్క నొక్కని బటన్

ఆత్మకూరు బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన రాహేలమ్మక్క గ్రహాలు వెతుకుతుందంటే, మేడమీద పెద్ద దుర్భిణి ఉంటుందనుకునేవారు. అదేం లేదు. ఆవిడ తొమ్మిదికల్లా నిద్రపోయే మనిషి. చూసేదంతా పగలు, కంప్యూటర్లో, గీతలు. అంతరిక్షంలోని దుర్భిణి ఒక్కో నక్షత్రం వెలుగును కొలిచి పంపుతుంది. నక్షత్రం ముందునుంచి గ్రహం వెళితే వెలుగు కాస్త తగ్గి గీతలో గుంట పడుతుంది. ఆ గుంటలు వెతకడానికి శాస్త్రవేత్తలు ఎవరినైనా రమ్మన్నారు, జీతం మాత్రం లేదు. పక్కింటి తెలుగు టీచర్ని, నేను ఊరుకుంటానా? "బియ్యంలో రాళ్లేరితే అన్నమైనా ఉడుకుద్ది గదక్కా" అని ఏడిపించేదాన్ని.

పదకొండేళ్లు ఏరింది. రెండు గ్రహాలు దొరికాయి గానీ, వాటిని ఆవిడతోపాటు వందమంది చూశారు. పేరు జాబితాలో ఎక్కడో అడుగున పడింది. తర్వాత ఎవరూ పట్టించుకోని ఒక మసక నక్షత్రాన్ని పట్టుకుంది. దాని గీతలో రెండు గుంటలు కనిపించాయి. మూడోది కూడా దొరికితేనే గ్రహమని నమ్ముతారు, ముందు తెలియజేసినవాళ్ల పేరే వేస్తారు. అప్పటికే ఆవిడకు కళ్లలో నీటికాసులు. చూపు ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు డాక్టరు.

"నా పేరుతో ఒక్కటుంటే చాలు సుధా" అనేది.

ఐదేళ్ల కిందట ఒక శనివారం మధ్యాహ్నం మూడో గుంట దొరికింది. వివరాలన్నీ నింపి పంపబోయేలోగా గాలివానకు కరెంటు పోయింది. మళ్లీ వచ్చింది ఆదివారం పొద్దున. ఇడ్లీపిండి ఇద్దామని వెళ్తే, అక్క తెల్లచీర కట్టుకుని కంప్యూటర్ ముందు నిలబడి ఉంది. దాన్ని ఎవరు ఆన్ చేశారో నేనడగలేదు. నింపినవన్నీ అలాగే ఉన్నాయి, పంపే బటన్ నొక్కడమే మిగిలింది.

వాళ్ల నాయన వెంగయ్య ఉదయగిరి వైపు పల్లెల్లో బోధకుడు. ఆదివారం పొయ్యి వెలిగించనివ్వక, శనివారం వండిందే పిల్లలకు పెట్టినవాడు. ఆయన పోయి ఇరవై ఏళ్లయినా ఆ ఇంట్లో ఆదివారం పని జరగదు.

"నాకు ఆ పట్టింపు లేదు గదక్కా, నేను నొక్కుతా" అన్నాను.

"నాకోసం నువ్వు చేస్తే నేను చేసినట్టేగా. వద్దు. నేనొచ్చేదాకా ఇల్లు చూస్తా ఉండు."

చర్చికి వెళ్లింది. మూడు గంటలు నేను బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నాను.

సోమవారం ఆరింటికి పంపింది. ఆదివారం మధ్యాహ్నమే ఏ దేశంలోనో ఎవరో పంపేశారట. పేరు వాళ్లది వచ్చింది. అక్క ఏడవలేదు. నాకే ఒళ్లు మండిపోయింది, ఆవిడ మీద, పోయిన వెంగయ్య మీద కూడా. ఇంకో నక్షత్రం మొదలుపెట్టింది గానీ, అప్పటికి గీతే సరిగా కనిపించడం మానేసింది. ఏడాదిలో కంప్యూటర్ మీద గుడ్డ కప్పింది.

ఇప్పుడావిడకు కిటికీ ఎటుందో మాత్రం తెలుస్తుంది. మొన్న ఆదివారం చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకెళ్తుంటే అడిగింది.

"సుధా, ఆరోజు నిన్నెందుకు కూర్చోబెట్టి పోయినాననుకున్నావు?"

"ఇల్లు చూడమంటివి గదక్కా."

"ఏముండాది ఇంట్లో చూసేదానికి?" అంది. "ప్రార్థనలో ఉన్నంతసేపూ నువ్వు నొక్కేసుంటావనే అనుకున్నాను. వచ్చి నిన్ను బాగా తిట్టాలని గూడా అనుకున్నాను."

మెట్లొచ్చాయక్కా అని మాత్రం చెప్పాను.