గుండుకు చుట్టిన గుడ్డ

ఒక మనిషికి తన చేతి మీదే నమ్మకం పోయేలా చేశాను. ఏళ్లుగా ఆ బరువు మోస్తున్నాను. నా పేరుతో మీకు పనిలేదు. జరిగింది మాత్రం దాచకుండా చెబుతాను.

నాకు గురి బాగా కుదురుతుంది. ఈ మాట చెప్పుకోవడానికి మొహమాటం లేదు. సింగపూర్‌లోని చాంగీ బిజినెస్ పార్క్‌లో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో షూటింగ్ క్లబ్‌కు వెళ్లేదాన్ని. గొట్టం మూతిలోంచి తుపాకీ మందు పోసి, గుడ్డలో చుట్టిన సీసపు గుండును కడ్డీతో దట్టించే పాతకాలపు రైఫిల్ ఒకటి అక్కడ ఉండేది. దాన్ని రాఘవ గారూ నేనూ పంచుకునేవాళ్లం. ఆయనది గుంటూరు. క్లెమెంటిలో ఉంటూ, యూనివర్సిటీ ల్యాబులో మైక్రోస్కోపు కింద సన్నని పనులు చేసే పరిశోధకుడు. నాకు గుండు దట్టించడం నేర్పింది ఆయనే.

అలాంటి రైఫిల్‌కి ఎంత మందు, ఎలాంటి గుడ్డ సరిపడతాయో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఒక్కొక్కటీ మార్చి, కాల్చి చూడాలి. మందు కొలత ఆయన చూసేవారు. గుడ్డ ముక్కలు కత్తిరించి, నూనె రాసి ఇద్దరికీ ఇచ్చేది నేను. విదేశంలో జరిగే పోటీకి మా ఇద్దరిలో ఒకరినే పంపుతారని తెలిసింది. ఆ తర్వాత ఆయన రాని ఒకరోజు, కాల్చాక ఎగిరిపడిన గుడ్డ ముక్కను తీసి చూశాను. చిల్లులు పడి కాలిపోయి ఉంది. అప్పటిదాకా మా గుండ్లు ఒకచోట తగలక చెదిరిపోవడానికి కారణం అదే. పాత పరుపు గలీబు కత్తిరించి, ఆ మందపాటి గుడ్డతో కాల్చాను. గుండ్లన్నీ ఒకేచోట తగిలాయి.

ఆయనకు చెప్పలేదు. ఎంపిక రోజున మందపాటి ముక్కలు నేను ఉంచుకుని, పలచనివి ఆయనకిచ్చాను. నూనెలో నానితే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఆయన గుండ్లు చెల్లాచెదురయ్యాయి. రైఫిల్ పక్కన పెట్టి, అరచెయ్యి చాపి చూసుకున్నారు.

"గుడ్డేమన్నా తేడాగా ఉందేంటమ్మా?"

"లేదండీ. ఇద్దరిదీ ఒకటే."

"అయితే నా చెయ్యే షేక్ అవుతున్నట్టుంది. మా నాన్నకీ వణుకు జబ్బు ఇలాగే స్టార్ట్ అయింది."

"ఓసారి డాక్టర్‌కి చూపించుకోండి," అన్నాను.

నోరు జారి అన్న మాట కాదది. ఆయన ఇంకే కారణమూ వెతక్కూడదనే అన్నాను. అప్పుడైనా నిజం చెప్పి ఉంటే ఏం పోయేది? ఒక పోటీ. అంతేగా? ఇద్దరం ఒకే గుడ్డతో కాల్చినా నేనే గెలిచేదాన్నని ఇప్పటికీ అనుకుంటాను, కానీ అది తేల్చుకునే అవకాశాన్ని నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను.

పోటీకి వెళ్లాను. పతకం తెచ్చాను. ఏ జబ్బూ లేదని డాక్టర్లు చెప్పినా రాఘవ గారు నమ్మలేదు. తండ్రికీ మొదట్లో అలాగే చెప్పారట. షూటింగ్ మానేశారు. ఎంతో ఇష్టమైన మైక్రోస్కోపు పని వేరేవాళ్లకు అప్పగించి, కంప్యూటర్ ముందు కూర్చున్నారు. అది తెలిసీ నేను నోరు విప్పలేదు.

మొన్న తంజోంగ్ పగార్‌లో, వరుసగా తిండి కొట్లుండే ఒక హాకర్ సెంటర్‌లో కనిపించారు. నిండు కప్పు కాఫీ బల్ల దాకా తెచ్చుకున్నారు. చుక్క కూడా ఒలకలేదు. ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను. సాకులు చెప్పలేదు. క్షమించమనీ అడగలేదు. ఆయన లేచి, కాఫీ అలాగే వదిలేసి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆయన ఫోన్ చేయలేదు. చేస్తారని నేను ఎదురుచూడటం లేదు. ఆయన చేతిలో ఏ లోపమూ లేదు, లోపం నేనిచ్చిన గుడ్డలో ఉంది. ఈ మాట ఆయనతో అన్నాను. ఇప్పుడు మీతోనూ అన్నాను. ఇన్నాళ్లకు గుండె నిండా ఊపిరి తీసుకుంటున్నాను.