డీజిల్ అయిపోయిన మధ్యాహ్నం

మూడేళ్ల కిందట అబుదాబి ఎడారిలో రోడ్డు వేస్తున్న ఒక కంపెనీలో జనరేటర్ ఆపరేటర్‌గా పనిచేశాను. అక్కడికి కరెంటు లైను లేదు. కూలీల క్యాంపుకు ఒక పెద్ద డీజిల్ జనరేటర్, ఆఫీసుకు ఒక చిన్నది ఉండేవి.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఎండ విరామానికి అందరూ గదులకు చేరిన వేళ, డీజిల్ అయిపోయి పెద్ద జనరేటర్ ఆగిపోయింది. ట్యాంకర్ తెప్పించమని వారం నుంచి మేనేజర్‌తో మొత్తుకుంటూనే ఉన్నాను. ఏసీలు ఆగగానే రేకుల గదులు పెనాల్లా కాలాయి. అందరూ నా మీదికే వచ్చారు.

"ఆయిల్ దేశంల ఉండి డీజిల్ లేదంటవేందిరా?" అని తిట్టాడు మా జగిత్యాల మల్లన్న. తిడుతూనే కళ్లు తిరిగి పడిపోయాడు.

నేను ఆఫీసుకు పరిగెత్తాను. చల్లటి గదిలో మేనేజర్ టీ తాగుతున్నాడు. మల్లన్నను కాసేపు అక్కడ పడుకోబెడతానంటే ఒప్పుకోలేదు.

"ట్యాంకర్ కల్ ఆయేగా. సబర్ కరో" అన్నాడు.

రేపటిదాకా ఓపిక పట్టమనేసరికి నా ఒళ్లు మండింది. బయటికొచ్చి ఆఫీసు జనరేటర్ ఆపేశాను. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉన్నా అక్కడే నిలబడ్డాను. మేనేజర్ చెమటలు కక్కుతూ వచ్చి అరిచాడు.

"ట్యాంకర్ ఆయే తో చలేగా, సార్" అన్నాను, ట్యాంకర్ వస్తేనే ఇదీ నడుస్తుందని.

ఈలోగా మావాళ్లు మల్లన్నను కంపెనీ బస్సులో ఏసీ వేసి పడుకోబెట్టారు. సాయంత్రానికి తేరుకున్నాడు. నన్ను మాత్రం వేరే సైటుకు తోసేశారు.

వారం రోజులు మొత్తుకున్నా కదలని ట్యాంకర్, ఆఫీసులో ఏసీ ఆగిన గంటకే వచ్చి నిలబడింది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే వస్తుంది.