మట్టక్క తెగ్గొట్టించిన కట్ట

సైటులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. కూలీలకూ, డ్రైవర్లకూ, చివరికి ఇంజనీరుకూ ఆమె మట్టక్కే. కొండవాలును చదును చేసి ఇళ్ల ప్లాట్లు వేస్తున్న ఆ చోట, తవ్విన మట్టి వాన నీళ్లతో బయటకు కొట్టుకుపోకుండా చూడటం ఆమె పని. వాలు కింది అంచున పొడవునా మోకాలెత్తు గుడ్డ కంచె ఉండేది. దాని అడుగు జానెడు లోతున పూడ్చి ఉందో లేదో రోజూ నడిచి చూసేది. పైనుంచి వచ్చే నీళ్లన్నీ మట్టికట్టల వెంట ఒక గుంటలోకి దిగాలి. అక్కడ కాసేపు నిలబడితే మట్టి అడుక్కి చేరుతుంది, పైన తేరిన నీళ్లు గొట్టంలోంచి కింద వాగులోకి పోతాయి. దాన్ని అందరూ తేట గుంట అనేవారు.

పదకొండేళ్ల కిందట ఆమె తట్ట మోయడానికి వచ్చింది. ఒక వాన తర్వాత కంచె ఎక్కడ లేచిపోయిందో అందరికన్నా ముందు ఆమె కనిపెట్టడం చూసి, అప్పటి పెద్ద ఇంజనీరు రిజిస్టరు ఆమె చేతిలో పెట్టాడు. "నీళ్లు పరిగెత్తితే మట్టిని వెంటేసుకుని పోతాయమ్మా. వాటిని నడిపించు, చాలు" అన్నాడు. పని నేర్చుకుంది కానీ, దాంతోపాటు దిగులూ అంటుకుంది. వాన పడితే ఇంట్లో అందరూ కిటికీ దగ్గర చేరేవాళ్లు. ఆమె చెప్పులు వెతుక్కునేది. "మబ్బు ఆకాశంలో పడుతుంది, ముసురు మా కోడలి మొహంలో పడుతుంది" అనేవారు అత్తగారు. దర్జీ పని చేసే భర్త మిషను తొక్కుతూనే నవ్వేవాడు.

ఆమె భయానికి కారణం వాగు దిగువన ఉండే చేపల తాత. ఆయనకు అయిదు చిన్న చెరువులు. వాటి నిండా గోరంత చేపపిల్లలు. వాగులోంచి ఒక కాలువ తీసి చెరువులకు నీళ్లు పెట్టుకుంటాడు. "బురద నీళ్లు వస్తే మొప్పల్లో మట్టి పడుతుందమ్మా. ఊపిరాడక పోతాయి. ఎంతోసేపు పట్టదు" అని ఒకసారి చెప్పాడు. ఆ మాట ఆమె చెవిలో అలాగే ఉండిపోయింది.

ఈ ఏడాది కొత్త ఇంజనీరు వచ్చాడు. కుర్రవాడు, మంచివాడే, కానీ కాళ్లకింద నిప్పులున్నట్టు తొందర. కొనేవాళ్లకు ప్లాట్లు చూపించాలని వాలు మొత్తం ఒకేసారి గీకించేశాడు. గడ్డిపోచ మిగల్లేదు.

"ముక్కలు ముక్కలుగా చేద్దాం సార్. ఒక ముక్క మీద గడ్డి మొలిచాక ఇంకోటి గీకుదాం" అంది ఆమె.

"వానలకి ఇంకా నెల టైముంది అక్కా. కంగారు పడకు."

గుంట మధ్యలో పాతిన కర్ర మీద ఎర్ర గీత ఉంటుంది. మట్టి ఆ గీతదాకా వస్తే తోడించాలి. రెండు చిన్న వానలకే గీత మునిగిపోయింది. తోడటానికి పొక్లెయిన్ కావాలి. పొక్లెయిన్ రోడ్డు పనిలో ఉంది. ఆమె మూడుసార్లు రిజిస్టర్లో రాసింది. మూడుసార్లూ ఇంజనీరు సంతకం పెట్టి పంపాడు. మిషను మాత్రం రాలేదు.

గురువారం మధ్యాహ్నం పడమటి వైపు ఆకాశం కాటుక పూసినట్టయింది. అన్నం డబ్బా మూత తీసిన మట్టక్కకు ముద్ద దిగలేదు. మూత పెట్టేసి కంచె వెంట నడిచింది. గేటు అవతలి మలుపులో కంచె పడిపోయి ఉంది. లారీలకు అడ్డదారి కోసం ఎవరో నాలుగు గుంజలు పీకి, గుడ్డను బురదలో పడేసి పోయారు. తట్టలు మోసే ఆడవాళ్లను ముగ్గురిని కేకేసింది. గుంజలు నిలబెట్టారు, గడ్డి కట్టలు అడ్డం వేశారు, గుడ్డ అంచు పూడ్చుతూ ఉండగానే వాన అందుకుంది.

చినుకులు కావవి, ధారలు. బోడి వాలు మీద నీళ్లు ఎర్రగా, చారలు చారలుగా దిగడం మొదలైంది. పూడ్చడం పూర్తికాని చోట కంచె కిందనుంచి బురద దూరి వాగు వైపు సాగింది. ఆ ఆడవాళ్లను అక్కడే పెట్టి ఆమె గుంట దగ్గరకు పరిగెత్తింది. గట్టు అంచుకు నీళ్లు బెత్తెడు దూరంలో ఉన్నాయి. అడుగున మట్టి నిండిపోయిన గుంటకు నీళ్లు పట్టే చోటు ఏది? గట్టు తెగితే ఇన్ని నెలల మట్టీ ఒక్కసారి వాగులో పడుతుంది.

తాతకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఇంజనీరుకు చేసింది. ఎత్తలేదు. 

అప్పుడామె కళ్లు రోడ్డు మీద పడ్డాయి. వాలుకు అడ్డంగా, రెండు వైపులా రాతి అంచులు కట్టి, రోలరు తొక్కించి సిద్ధంగా పెట్టిన పెద్ద రోడ్డు. దాదాపు మట్టంగా ఉంది. గుంటకు నీళ్లు తెచ్చే పైకట్ట ఒకచోట తెగ్గొడితే సగం నీళ్లు దాని మీదికి మళ్లి, పరుచుకుని నిలబడతాయి. రోడ్డు మాత్రం పాడవుతుంది.

పొక్లెయిన్ డ్రైవరు అద్దాలు ఎత్తుకుని లోపల కూర్చున్నాడు. ఆమె అద్దం మీద కొట్టింది.

"ఆ కట్ట తెగ్గొట్టు తమ్ముడూ. నీళ్లు రోడ్డు మీదికి పోవాలి."

"మూడు వారాల పని అక్కా అది. సారు చెప్పకుండా ముట్టుకుంటే నన్ను బతకనివ్వడు."

"నేను చెప్పానని చెప్పు. రిజిస్టర్లో రాసి సంతకం పెడతా."

అతను గుంట వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, ఇంజను తిప్పాడు. రెండు బక్కెట్ల మట్టి తీసేసరికి నీళ్లు రోడ్డు మీదికి తిరిగాయి. గుంట గట్టు మీద నిలబడి ఆమె కర్రనే చూస్తూ ఉంది. నీళ్లు ఇంకో రెండు వేళ్లు పెరిగి, ఆగాయి. వాన తగ్గేదాకా ఆమె అక్కణ్ణించి కదల్లేదు.

నాలుగింటికి ఇంజనీరు వచ్చాడు. రోడ్డంతా అడుసు.

"ఎవరు చెప్పారు ఆ కట్ట తెగ్గొట్టమని?"

"నేనే సార్. గట్టు తెగేలా ఉంది. మీకు ఫోన్ చేశాను."

"రేపట్నించి రావద్దు."

ఆమె ఇంటికి పోలేదు, తాత దగ్గరకు పోయింది. నీళ్ల రంగు మారగానే ఆయన తూములు మూయడం మొదలుపెట్టాడు. నాలుగు మూశాడు. అయిదోది దూరం, మోకాలు సహకరించలేదు. ఆ చెరువు మీద తెల్లగా, బియ్యం చల్లినట్టు చేపపిల్లలు తేలుతున్నాయి.

"గుంట తెగిందా?" అన్నాడు.

"లేదు తాతా. కంచె కిందనుంచి వచ్చింది. నేను చూసేసరికే..."

ఆయన జల్లెడ తీసుకుని చచ్చినవాటిని ఏరడం మొదలుపెట్టాడు. ఆమె ఇంకో జల్లెడ అందుకుంది.

తొమ్మిది రోజులు ఇంట్లో కూర్చుంది. మబ్బు పట్టినప్పుడల్లా గుమ్మంలోకి, లోపలికి తిరుగుతుంటే అత్తగారు కూడా వేళాకోళం మానేశారు. పదోరోజు పొద్దున్నే ఇంజనీరు వచ్చాడు. గుడ్డముక్కల మధ్య ఎక్కడ కాలు పెట్టాలో తెలియక నిలబడ్డాడు. భర్త స్టూలు జరిపాడు. అతను కూర్చోలేదు.

"రిజిస్టరు చూశాను అక్కా. మూడుసార్లు రాశావు. మూడుసార్లూ చదవకుండానే సంతకం పెట్టాను."

ఆమె అంది: "వస్తాను సార్. కానీ ముందు గుంట తోడించాలి. వాలు మీద గడ్డి పరిపించి విత్తనాలు చల్లించాలి. రోజూ పొద్దున మీరూ నాతో కంచె వెంట నడవాలి."

"సరే."

"అంతకన్నా ముందు తాత దగ్గరకు వెళ్దాం."

వెళ్లారు. తాత ఇంజనీరును అయిదో చెరువు గట్టు చుట్టూ తిప్పి చూపించాడు. వారం తిరక్కుండా ఆ చెరువుకు ఇంజనీరు డబ్బుతో మళ్లీ చేపపిల్లలు వచ్చాయి. తాత ఆమెతో మామూలుగా మాట్లాడటానికి మాత్రం నెల పట్టింది.

అసలు వానలు వచ్చేసరికి సగం వాలు పచ్చబడింది. గొట్టంలోంచి వాగులోకి పడే నీళ్లు పలచటి టీ రంగులో ఉండేవి, సాయంత్రానికి ఇంకా తేటపడేవి. మట్టక్క దిగులు మాత్రం తగ్గలేదు. పైగా అది ఇంజనీరుకూ పాకింది. ఒక ఆదివారం ఇంకా చినుకు పడకముందే ఫోన్ చేశాడు.

"అక్కా, గొట్టానికి చెత్త అడ్డం పడిందేమో చూశావా?"

"అదే తీస్తున్నాను సార్, చేతులు బురదగా ఉన్నాయి" అని ఫోన్ పెట్టేసింది.